నిలువు గీత మీద ధర

2017 ఏప్రిల్. నల్లగొండలో ఒక డిగ్రీ కళాశాలలో గణితం చెప్పడం నేను మొదలుపెట్టి అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు. పరీక్షలు అయిపోయి పిల్లలందరూ ఊళ్లకు వెళ్లిపోయారు. ఎండకు భయపడి నేను స్టాఫ్ రూంలో కూలర్ ముందు కూర్చుని జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను. మా దగ్గరే ఎకనామిక్స్ చెప్పే రాములు సార్ ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు.

అమ్మాయి పేరు మమత. కేతేపల్లి దగ్గర ఊరు. గొర్రెలు కాసుకునే కుటుంబం. మా కళాశాలలోనే తెలుగు మీడియంలో బీఏ చదివిందట. బీఏ వాళ్లకు లెక్కలు ఉండవు కనుక నేను ఆమెను చూసిన గుర్తు లేదు. ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో ఎంఏ ఎకనామిక్స్ సీటు తెచ్చుకుంది. మొదటి సెమిస్టర్‌లో అన్ని పేపర్లూ గట్టెక్కాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి మ్యాథమెటికల్ మెథడ్స్, అంటే ఆర్థికశాస్త్రానికి కావలసిన గణితం. అందులో నూటికి పదకొండు వచ్చాయి. జూన్ మొదటి వారంలో సప్లిమెంటరీ. అదీ పోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. హాస్టల్ ఖర్చు మొత్తం దాని మీదే నడుస్తోంది కాబట్టి చదువు కూడా ఆగినట్టే.

ఈ సంగతంతా రాములు సారే చెప్పాడు. మీరే చెప్పవచ్చు కదా అంటే ఆయన నిజాయితీగా చేతులెత్తేశాడు. ఆయన చదువుకున్న రోజుల్లో ఎకనామిక్స్‌కు కూడికలు తీసివేతలు వస్తే చాలట.

నేను సిలబస్ కాగితం చూశాను. మాత్రికలు, డెరివేటివ్‌లు, పరిమితుల లోపల గరిష్ఠం కనుక్కోవడం, చివర్లో డిఫరెన్స్ ఈక్వేషన్లు. మా బీఎస్సీ పిల్లలకు మూడేళ్లు పట్టే సరుకు. లెక్కలు ఎప్పుడు వదిలేశావమ్మా అని అడిగితే పదో తరగతిలో అంది. ఏడు వారాల్లో ఇది అయ్యే పని కాదని మొహం మీదే చెప్పాను.

"అయితది సార్. మీరు చెప్తే అయితదని అందరు అంటున్నరు," అంది.

పొగడ్తకు పడిపోయే మనిషిని నేను. ఒప్పుకున్నాను.

నా పాఠం ఎలా ఉండేదో ఇక్కడ చెప్పాలి. బోర్డు ఎడమ మూల మొదలుపెడితే కుడి మూల చేరేదాకా ఆగను. నడుమ ఎవరూ ప్రశ్న అడగకూడదు. అడిగితే లెక్క తెగిపోతుంది. అనుమానాలుంటే క్లాసు అయ్యాక రావాలి. క్లాసు అయ్యాక ఎవరూ వచ్చేవారు కాదు, అందరికీ అర్థమైపోయిందని నేను అనుకునేవాణ్ణి. నా గదిలో సూది పడితే వినపడుతుందని ప్రిన్సిపాల్ నలుగురి ముందు మెచ్చుకుంటే ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెప్పుకునేవాణ్ణి. కోపం కూడా నాకు ఎక్కువే. చాక్‌పీసు విసరడంలో గురి తప్పేది కాదు.

మమత రోజూ పొద్దున ఏడింటికల్లా వచ్చేది. ఊరి నుంచి నకిరేకల్, అక్కడ బస్సు మారి నల్లగొండ. ఐదింటికే బయలుదేరాలి. ఖాళీ క్లాసు గదిలో పది దాకా చెప్పేవాణ్ణి. మొదటి వారం నరకం. నేను చేసిన లెక్కను ఆమె అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పేది, చరిత్ర పాఠం అప్పజెప్పినట్టు. రెండు అంకెలు మార్చి ఇస్తే మళ్లీ పాత జవాబే వచ్చేది. ఇది చదువు కాదు, కంఠస్థం అని అరిచాను. మర్నాటి నుంచి ఒకే లెక్కను అంకెలు మార్చి మార్చి పదిసార్లు చేసుకొచ్చింది. మూడో వారానికి డెరివేటివ్ చేతికొచ్చింది. ఒకటి కొద్దిగా మారితే దాని మీద ఆధారపడిన రెండోది ఎంత మారుతుందో చెప్పేదే డెరివేటివ్. గణితంలో సగం దాని చుట్టూనే తిరుగుతుంది, వాళ్ల ఎకనామిక్స్‌లో అయితే ముప్పాతిక.

గొడవ నాలుగో వారంలో వచ్చింది. ఎలాస్టిసిటీ మొదలుపెట్టాం. ధర మారితే జనం కొనడం ఎంత మారుతుందన్నది దాని లెక్క. ఉప్పు ధర పెరిగినా కొనక తప్పదు. బత్తాయి ధర పెరిగితే కొనడం తగ్గించేస్తాం. నేను బోర్డు మీద అడ్డగీత గీసి ధర అని రాశాను, నిలువు గీత గీసి కొనే పరిమాణం అని రాశాను. గణితంలో ఎవరైనా అలాగే గీస్తారు. కారణం అడ్డగీత మీద, ఫలితం నిలువు గీత మీద. ధర కారణం, కొనడం ఫలితం. బత్తాయి గీత నిటారుగా వచ్చింది, ఉప్పు గీత పడుకున్నట్టు వచ్చింది. గీత ఎంత నిటారుగా ఉంటే జనం ధరకు అంత ఎక్కువ స్పందిస్తున్నట్టు అని చెప్పాను.

మమత చెయ్యి పైకెత్తింది.

"సార్, మా పుస్తకంల ధర పైకి ఉంటది. అడ్డంగ ఉండది."

చెప్పిన మాట చిన్నదే. పాఠం నడుమ చెప్పింది, అదీ బీఏ చదివిన పిల్ల నాకు గీతలు నేర్పుతున్నట్టు అనిపించి ఒళ్లు మండింది. చేతిలోని చాక్‌పీసు కిటికీ వైపు విసిరాను. ఎకనామిక్స్ పుస్తకాలు రాసేవాళ్లకు లెక్కలు రావు కనుకనే నువ్విక్కడికి వచ్చావు అన్నాను. నీ పుస్తకం కావాలో నా పాఠం కావాలో తేల్చుకొమ్మన్నాను. ఆమె తల వంచుకుని పెన్ను తీసుకుంది. ఆ తర్వాత మూడు వారాల్లో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పిల్ల దారిలో పడిందని సంతోషించాను. ఒక్క సంగతి మాత్రం అర్థం కాలేదు. మొదట్లో అంత చురుగ్గా వెళ్లిన పాఠాలు నెమ్మదించాయి. ఇంటికి ఇచ్చిన లెక్కల్లో సగమే చేసుకొచ్చేది. అలసిపోయి ఉండేది. ఎండలనుకున్నాను.

పరీక్ష ఆరు రోజుల్లో ఉందనగా, ఆదివారం కావడంతో ఇంట్లో కూర్చుని పాత ప్రశ్నపత్రాలు ముందేసుకున్నాను. వాళ్ల విశ్వవిద్యాలయం జవాబుల కీ కూడా ఉంది. ఒక ప్రశ్నలో బొమ్మ ఇచ్చారు. కొనేవాళ్ల గీత దాదాపు నిటారుగా ఉంది. ఈ సరుకు మీద ప్రభుత్వం పన్ను వేస్తే భారం ఎవరి మీద పడుతుంది? నాకు అరనిమిషం పట్టలేదు. గీత నిటారు, అంటే జనం ధరకు బాగా స్పందిస్తారు, ధర పెంచితే కొనరు, కాబట్టి భారం అమ్మేవాడి మీద. కీ తిప్పి చూస్తే కొనేవాడి మీద అని ఉంది.

అచ్చు తప్పనుకున్నాను. ఇంకో ఏడాది పత్రం తీశాను. అక్కడా నా జవాబుకు తలకిందులు. మూడోదీ అంతే. అప్పుడు చూశాను, బొమ్మలో నిలువు గీత పక్కన సన్నగా ఉన్న అక్షరం. ధర. ఎకనామిక్స్‌లో ధరను నిలువు గీత మీదే వేస్తారు. ఎప్పటి నుంచో వస్తున్న వాళ్ల ఆనవాయితీ. వాళ్ల లెక్కలో నిటారు గీత ఉప్పుది, నా లెక్కలో బత్తాయిది. ఎలాస్టిసిటీ, పన్నులు, గుత్తాధిపత్యం, మూడు వారాల పాఠాల్లో బొమ్మ ఉన్న ప్రతి చోటా నేను ఆ పిల్లకు తలకిందులు చెప్పాను. ఆమె సరిగ్గా చెప్పిన రోజు చాక్‌పీసు విసిరాను. మా రాములు సార్‌ను ఒక్క మాట అడిగితే చెప్పేవాడు. అడగడం నాకు నామోషీ.

మర్నాటి దాకా ఆగలేకపోయాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. స్కూటర్ తీసి కేతేపల్లి దారి పట్టాను.

ఇంటికి తాళం ఉంది. పక్కింటావిడ చెప్తే మూసీ ఆయకట్టు పొలాల వైపు వెళ్లాను. యాసంగి వరి కోతలు అయిపోయి కొయ్యకాళ్లు మిగిలిన మడుల్లో గొర్రెల మంద ఉంది. మమత తండ్రి బీరయ్య తడకలు పీకి ఇంకో మడిలో పాతుతున్నాడు. తల్లికి జ్వరమట, అందుకని మమత మందకు కాపలా వచ్చింది. నన్ను చూడగానే బీరయ్య గొంగడి పరిచి కూర్చోమన్నాడు. "పరీక్ష గిట్ల రద్దయిందా సారు?" అని భయంగా అడిగాడు.

రద్దు కాలేదన్నాను. కూర్చోలేదు. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి. నేను తప్పు చెప్పానమ్మా అన్నాను. నీ పుస్తకమే నిజం, మూడు వారాల బొమ్మలన్నీ తిరగేసి చూసుకోవాలి అన్నాను. ఒక విద్యార్థి ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి.

మమత ఆశ్చర్యపోలేదు. తుమ్మచెట్టుకు తగిలించిన సంచి తెచ్చి అందులోంచి ఒక నోట్‌బుక్ తీసింది. నా దగ్గర రాసే నోట్‌బుక్ కాదు. తెరిచి చూశాను. నేను చెప్పిన ప్రతి లెక్కా ఉంది. ప్రతి బొమ్మలోనూ ధర నిలువు గీత మీద ఉంది. ప్రతి జవాబూ సరైనదే.

"మీరు చెప్పినంక ఇంటికొచ్చి మల్ల మా పుస్తకం తీరుగ రాసుకుంటున్న సార్," అంది మెల్లగా. "గందుకే మీరిచ్చిన లెక్కలు అన్ని చేసెతందుకు టైం దొరుకుతలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒకపారి చెప్పిన గద సార్."

ఆమే మళ్లీ అంది, "ఇంకోపారి చెప్తే రావద్దంటరని భయమైంది. మీరు గాకుంటే నాకు చెప్పెటోళ్లు లేరు."

బీరయ్యకు మా మాటల్లో సగం అర్థం కాలేదు. కూతురు ఏదో తప్పు చేసిందేమోనని, ఆమె తరఫున నాకు రెండు చేతులూ జోడించాడు. నా జీవితంలో అంతగా సిగ్గుపడిన క్షణం ఇంకొకటి లేదు. తప్పు నాదే పెద్దయ్యా అని ఆయన చేతులు పట్టుకుని దించాను.

అక్కడే పని మొదలుపెట్టాం. మిగిలింది ఆరు రోజులు, చెప్పాల్సినవి రెండు పెద్ద అధ్యాయాలు. మొదటిది కన్‌స్ట్రెయింట్, అంటే చేతిలో ఉన్నదానికి ఒక హద్దు ఉన్నప్పుడు ఆ హద్దులోనే ఎక్కువ ఫలితం రాబట్టడం. దాన్ని ఎలా ఎత్తుకోవాలో తోచక బీరయ్య పాతుతున్న తడకల వైపు చూశాను. ఎరువు కోసం రైతులు పొలంలో రాత్రిళ్లు గొర్రెల మంద పెట్టించుకుంటారు. రోజుకో మడి చొప్పున తడకలు జరుపుతారు. ఈ రైతు ఎన్ని రాత్రులు పెట్టించుకుంటున్నాడని అడిగాను. ఆరు అంది. మడులు? మూడు. మరి ఏ మడిలో ఎన్ని రాత్రులు పెట్టాలో ఎలా తేలుస్తారు అన్నాను.

ఆమె చేత్తో చివరి మడి చూపించింది. "చౌడు మడిల ఎక్కువ పెడ్తం సార్. కని ఒక్కదాంట్లనే పెడితే ఎరువు ఎక్కువై పైరు కాలుతది. ఏ మడిలనన్న ఆఖరి రాత్రికి వచ్చే ఫాయిద ఒక్కతీరుగ ఉండాలె. ఒకదాంట్ల ఎక్కువుంటే మందను గటు జరుపుతం."

మా పాఠ్యపుస్తకం నాలుగు పేజీల్లో రుజువు చేసే సూత్రం అది. మరి రైతు ఇంకొక్క రాత్రి కావాలంటే ఆ రాత్రి విలువెంత అని అడిగాను. గా ఆఖరి రాత్రి ఫాయిద ఎంతో గంతే కద సార్ అంది. ఆ విలువనే మేము మల్టిప్లయర్ అంటాం. దానికి గ్రీకు అక్షరం పెట్టి పిల్లల్ని బెదరగొడతాం. ఎండ నెత్తికెక్కేదాకా ఆ కొయ్యకాళ్ల మధ్య కూర్చుని సమీకరణాలు రాశాం. ఆ రోజు ఆమె నన్ను ఏడుసార్లు ఆపింది. ఆపిన ప్రతిసారీ నాలో పాత కోపం లేచేది. పళ్లు బిగబట్టుకుని మింగాను.

కన్‌స్ట్రెయింట్ నాలుగు రోజుల్లో పూర్తయింది. ఒక ఏడాది విలువ నుంచి మరుసటి ఏడాది విలువ రాబట్టే డిఫరెన్స్ ఈక్వేషన్లకు ఒకటిన్నర రోజు మిగిలింది. అది వారం పాఠం. మొదటి మెట్టు ఎక్కేసరికి ఆమె హైదరాబాదు బస్సెక్కాల్సి వచ్చింది. ఆ అధ్యాయం నుంచి పెద్ద ప్రశ్న రాకపోతే బాగుండునని ఇద్దరం అనుకున్నాం. పైకి ఎవరమూ అనలేదు.

పరీక్ష అయ్యాక ఫోన్ చేసింది. బొమ్మలు అన్నీ కరెక్టుగా వేసిన సార్ అంది. మరి డిఫరెన్స్ ఈక్వేషన్లు? తప్పనిసరి ప్రశ్న అందులోంచే ఇచ్చారట, ఇరవై మార్కులకు. "మీరు చెప్పినయి అన్ని వచ్చినయి సార్. చెప్పెతందుకు టైం లేనిదొక్కటే రాలే," అంది. నన్ను ఓదారుస్తోందని అర్థమై ఇంకా కుంగిపోయాను.

జూలైలో ఫలితం వచ్చింది. పాసు కావడానికి నలభై కావాలి. ముప్పై ఏడు వచ్చాయి.

మూడు మార్కులు. ఆ రెండో నోట్‌బుక్ రాయడానికి ఆమెకు పట్టిన కాలంలో ఆ అధ్యాయం హాయిగా అయ్యేది. ఈ లెక్క చేయడానికి నాకు గణితం అక్కర్లేదు. స్కాలర్‌షిప్ ఆగింది. జూనియర్లతో కలిసి మొదటి సెమిస్టర్ మళ్లీ చదవడానికి మాత్రం ఒప్పుకున్నారు. హాస్టల్ కోసం బీరయ్య ఇరవై గొర్రెలు అమ్మాడు. ఆ సంగతి రాములు సార్ చెప్పాడు. నేను సాయం చేస్తానని కబురు పంపితే, సారు పాఠం చెప్తే చాలని జవాబు వచ్చింది.

దసరా సెలవులకు ఊరికి రాగానే మమత మళ్లీ మా కళాశాలకు వచ్చింది. వస్తుందని నేను అనుకోలేదు. ఈసారి రాములు సార్ వెంట లేడు. కుర్చీలో కూర్చుని నోట్‌బుక్ తెరిచి, పెన్ను పట్టుకుని, ఒక మాట చెప్పాలంది.

"సార్, నడుమ నడుమ అడుగుత. కోపం చేయొద్దు. కోపమొస్తదంటే ఇప్పుడే చెప్పుండ్రి, నేను పోత."

ఇరవై రెండేళ్ల మమత యాభైకి దగ్గరవుతున్న లెక్చరర్‌కు పెట్టిన షరతు అది. ఇరవై గొర్రెలు పోగొట్టుకున్న ఇంటి పిల్ల ఇంకోసారి మొహమాటపడే స్థితిలో లేదు. అడుగు తల్లీ అన్నాను.

పది నిమిషాలు గడవకముందే అడిగింది. కిందటేడు ధర ఈ ఏడాది పంటను మారుస్తుంది, ఆ పంట ఈ ఏడాది ధరను మారుస్తుంది, ఇలా ఊగుతూ పోయే లెక్క చెబుతున్నాను. రైతు కిందటేడు ధర ఒక్కటే చూసి పంట వేస్తాడని ఈ సమీకరణం ఎందుకు అనుకుంటోంది, మా ఊర్ల ఎవరూ గట్ల వేయరు కద సార్ అంది. నేను బోర్డు వైపు చూశాను. పుస్తకం వైపు చూశాను. ఏదో ఒకటి చెప్పి దాటేయడం నాకు చేతకానిది కాదు, ఇరవై ఏళ్లు ఆ పనే చేశాను.

"నాకు తెలియదమ్మా," అన్నాను.

ఆమె కుర్చీ బోర్డుకు దగ్గరగా లాక్కుంది. ఆ పొద్దంతా ఇద్దరం కలిసి ఆ సమీకరణాన్ని విప్పుకున్నాం. రెండు పాత ధరలు పెట్టి చూశాం, మూడు పెట్టి చూశాం. మధ్యాహ్నానికి మా రాములు సార్‌ను కూడా పిలిచాను. ఆయన్ని ఒక అనుమానం అడగడం నాకు అదే మొదలు.

డిసెంబరులో ఆమె ఆ పేపర్ అరవై నాలుగు మార్కులతో పాసయింది. తర్వాత ఎంఏ పూర్తి చేసింది.

మా వృత్తిలో అర్థం కాని పిల్లవాణ్ణి గుర్తుపట్టడం సులువు, వాడి మొహమే చెబుతుంది. నా తప్పు తెలిసి కూడా భయపడి నోరు మూసుకుని, ఇంటికి వెళ్లి తనంతట తాను దిద్దుకునే పిల్లను గుర్తుపట్టడం చాలా కష్టం. ఆమె చేతులు కట్టుకుని, నేను చెప్పిందల్లా రాసుకుంటూ, మంచి విద్యార్థిలాగే కనపడుతుంది. మమత రెండో నోట్‌బుక్ నా చేతికి ఇచ్చింది కనుక ఆమె సంగతి నాకు తెలిసింది. అంతకు ముందు ఇరవై ఒక్క ఏళ్లలో ఇవ్వకుండా వెళ్లిపోయినవాళ్లు ఎందరో నాకు ఇప్పటికీ తెలియదు.